పిల్లలు కథ చెబితే మనం రాయాలా, వాళ్లచేతే రాయించాలా?

ఖర్చు: రెండింటికీ నోటుపుస్తకం, పెన్సిలు చాలు.

శ్రమ: చెప్పించి రాస్తే పావుగంట పక్కనే కూర్చోవాలి. సొంతంగా రాస్తే మీకు తీరిక, వాళ్లకి చేయినొప్పి.

కథ: అసలు తేడా ఇక్కడే. సొంతంగా రాసేటప్పుడు ధ్యాసంతా ఒత్తుల మీదే ఉంటే "కుక్క వచ్చింది. వెళ్లింది." దగ్గరే ఆగిపోతారు. అదే కథ నోటితో చెబితే ఆ కుక్క ఎందుకు కుంటుతోందో కూడా బయటికొస్తుంది.

ప్రమాదం: చెప్పించేటప్పుడు వాక్యాలు దిద్దేస్తాం, కథ మనదైపోతుంది. అన్నది అన్నట్టే రాయండి. సొంతంగా రాసినప్పుడు వెంటనే తప్పులు దిద్దితే, భయపడి తేలిక మాటలే వాడతారు. దిద్దడం మర్నాడు, అదీ రెండు మూడు చాలు.

ఒత్తుల దగ్గర తడబడే పిల్లలకి చెప్పించడమే మేలు. ధారగా రాసేవాళ్లకి పెన్సిలు ఇచ్చేయండి. మధ్యలో ఉన్నవాళ్లయితే మొదలు మీరు రాసి, ముగింపు వాళ్లకి వదలండి.