రెండు లక్షల్లో పాత పెట్రోలు కారు: వ్యాగన్‌ఆర్, శాంత్రో, ఐ10, లివాల్లో ఏది?

చేతిలో మొత్తం రెండు లక్షలుంటే బండికి పెట్టాల్సింది లక్షా అరవై వేలు, మహా అయితే లక్షా డెబ్భై. మిగతాది మొదటి మూడు నెలల్లోనే టైర్లకు, బ్యాటరీకి, క్లచ్‌కి, ఇన్సూరెన్స్‌కి, పేరు మార్పిడికి అయిపోతుంది. ఉన్నదంతా బండి వాడి చేతిలో పెట్టేసినవాళ్ళు క్లచ్ పోయిన రోజున అప్పు చేస్తారు, లేదంటే వచ్చిన రేటుకు అమ్ముకుంటారు. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా ఈ బడ్జెట్‌లో మళ్ళీ మళ్ళీ కనబడే పెట్రోలు బళ్ళు నాలుగైదే.

ముందు వ్యాగన్‌ఆర్. అదీ 2010 నుంచి వచ్చిన కె10బి ఇంజన్ బండి. 998 సీసీ, మూడు సిలిండర్లు, టైమింగ్ చైన్ (ఇంజన్ లోపల వాల్వులను పిస్టన్లతో వేళ కలిపి నడిపే గొలుసు). అంతకు ముందు వ్యాగన్‌ఆర్‌లో 1061 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజన్ ఉండేది. నున్నగా నడుస్తుంది గానీ ఇప్పుడు దాని వయసు అయిపోయింది. కె10బి ఆన్‌లో నిలబడి ఉన్నప్పుడు కాస్త వణుకుతుంది, అది దాని స్వభావం. గేర్ లివర్, డ్యాష్‌బోర్డ్ కూడా గలగలలాడుతుంటే మాత్రం ఇంజన్ మౌంట్లు, అంటే ఇంజన్‌ని మోసే రబ్బరు దిమ్మలు పోయాయి. అది చిన్న పనే. ఆయిల్ సరిగ్గా మార్చని బండిలో పొద్దున సెల్ఫ్ కొట్టగానే ముందు వైపు నుంచి కొన్ని సెకన్లపాటు గొలుసు గరగర వినిపిస్తుంది. అది చిన్న పని కాదు. చైన్, టెన్షనర్, గైడ్లు అన్నీ మార్చాలి, కాబట్టి ఆ బండిని వదిలేయండి. ఏసీ వేసుకుని సిటీలో తిరిగితే 13 నుంచి 15 మైలేజీ వస్తుంది. నలుగురు మనుషులు, ఏసీ, ఎదురుగా ఎత్తు ఉంటే సెకండ్ గేర్‌లోకి దిగాల్సిందే.

వ్యాగన్‌ఆర్‌కి మార్కులు ఇంజన్ వల్ల మాత్రమే కాదు. నరసరావుపేటలోనైనా నిర్మల్‌లోనైనా దాన్ని విప్పి బిగించగల మెకానిక్ ఉంటాడు, పార్టు అదే రోజు దొరుకుతుంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియంలోనూ చిన్న లాభం ఉంది. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు ప్రైవేటు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ మధ్య బండికి 3,416. జీఎస్టీ అదనం. 998 సీసీ బండి కింది స్లాబులో పడుతుంది. 1086 సీసీ శాంత్రో, 1197 సీసీ లివా, పాత 1061 సీసీ వ్యాగన్‌ఆర్ కూడా పై స్లాబులోకి పోతాయి.

ఆల్టో 800 ఇంకా చవక, ఇంకా తేలిక. ఇద్దరు మనుషులు ఊళ్ళో తిరగడానికి సరిపోతుంది. హైవే మీద రోజూ పోయేవాళ్ళకు వద్దు.

శాంత్రో జింగ్ విషయంలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారు? 1086 సీసీ ఇంజన్‌కి చైన్ ఉండదు, రబ్బరు బెల్టే. సుమారు 60 వేల కి.మీ.కు లేదా ఐదేళ్ళకు, ఏది ముందైతే అప్పుడు మార్చాలని మెకానిక్‌ల లెక్క. బండి తక్కువ తిరిగింది కాబట్టి బెల్ట్ బాగానే ఉంటుందని అమ్మేవాళ్ళు అంటారు. తిరగకపోయినా రబ్బరు ఎండిపోతుంది. నడుస్తుండగా తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి, ఇంజన్ హెడ్ దించాలి. అప్పుడయ్యే ఖర్చు ఆ బండి రేటులో పెద్ద ముక్క. బిల్లు చూపించలేకపోతే బెల్ట్, టెన్షనర్, ఐడ్లర్ బేరింగ్, క్రాంక్ ఆయిల్ సీల్ అన్నీ మార్చడానికి డబ్బు పక్కన పెట్టుకుని ఆ మేరకు రేటు తగ్గించమనండి. ఐ10లో 1.1 లీటర్ ఇంజన్‌దీ ఇదే కథ. 1.2 కప్పా ఇంజన్‌కి చైన్ ఉంటుంది, లాగుడూ బాగుంటుంది. అందుకే ఐ10 కొంటే 1.2 కొనండి. దానికున్న పేరుమోసిన జబ్బు స్టీరింగ్‌ది. బండి ఆపి ఇంజన్ ఆన్‌లో ఉంచి స్టీరింగ్‌ని కొద్దిగా అటూ ఇటూ ఊపితే టక్ టక్ మంటుంది. ఎలక్ట్రిక్ స్టీరింగ్ మోటార్ దగ్గరుండే చిన్న రబ్బరు కప్లింగ్ అరిగిపోవడమే కారణం. ముక్క చవక, కాలమ్ దించే కూలి ఎక్కువ. బేరానికి పనికొచ్చే లోపమే తప్ప బండిని వద్దనుకోవాల్సినంతది కాదు.

టొయోటా ఎటియోస్ లివా 1.2 ఈ బడ్జెట్ అంచున దొరుకుతుంది, 2011, 2012 మోడల్స్ అయితేనే. లోపల ప్లాస్టిక్ నాసి, మీటర్ డ్యాష్‌బోర్డ్ మధ్యలో ఉంటుంది, చూడ్డానికీ సాదాగానే ఉంటుంది. ఇంజన్, గేర్‌బాక్స్, సస్పెన్షన్ మాత్రం మిగతా వాటికంటే ఒక మెట్టు పైన. నెలకు రెండుసార్లయినా కుటుంబంతో 200 కి.మీ. ప్రయాణం ఉంటే వ్యాగన్‌ఆర్ కంటే ఇదే మేలు. బంపర్, హెడ్‌లైట్ లాంటి బాడీ పార్టులు మారుతి కంటే ఖరీదు. ఎటియోస్ సెడాన్ కొనేవాళ్ళు ఇంకొకటి చూడాలి. ట్యాక్సీగా తిరిగి, తర్వాత తెల్ల ప్లేటుకు మారిన బళ్ళు చాలా ఉన్నాయి. ఆర్‌సీలో మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, నంబరు మారిన చరిత్ర చూడండి. వెనక సీటు కుంగిపోయి, డ్రైవర్ డోర్ దగ్గరి గడప రంగు అరిగిపోయి, మీటర్ మాత్రం 70 వేలు చూపిస్తుంటే ఇక అడగాల్సింది ఏమీ లేదు.

రక్షణ విషయంలో వీటి మీద ఆశలు పెట్టుకోవద్దు. కార్లను గుద్దించి రక్షణ ఎంతో చూసే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ 2014లో పరీక్షించిన ఎయిర్‌బ్యాగులు లేని ఆల్టో 800, ఐ10, ఫిగో, నానో, పోలో అన్నిటికీ పెద్దల రక్షణలో వచ్చినవి సున్నా స్టార్లే. ఎయిర్‌బ్యాగులున్న వేరియంట్ పదిహేను వేలు ఎక్కువైనా అదే తీసుకోండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు లైటు వెలిగి కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎయిర్‌బ్యాగులు ఒకసారి పేలిన తర్వాత లైటు తీసేసి ఉండొచ్చు. చెక్ ఇంజన్ లైటు కూడా తాళం తిప్పగానే వెలగాలి, ఇంజన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి.

ఇక వయసు లెక్క. ప్రైవేటు కారు ఆర్‌సీ పదిహేనేళ్ళకు చెల్లుతుంది. 2013లో రిజిస్టర్ అయిన బండికి 2028 దాకా గడువు. తర్వాత ఫారం 25తో రెన్యువల్‌కు పెట్టుకుని, బండిని చూపించి పాసైతే ఐదేళ్ళు పొడిగిస్తారు. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి దీనికి కేంద్ర రుసుము 5,000 రూపాయలు, గ్రీన్ ట్యాక్స్ వేరు. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025లో ఆ రుసుమును 10,000 చేశారు. కాబట్టి ఏడాది గడువున్న లక్ష రూపాయల బండికి, నాలుగేళ్ళ గడువున్న లక్షా నలభై వేల బండికి మధ్య తేడా నిజానికి నలభై వేలు కాదు. రెన్యువల్ రుసుము, ఫిట్‌నెస్ కోసం చేయించే డెంటింగ్, పెయింటింగ్, కొత్త టైర్లు కలిపితే ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది, పైగా మళ్ళీ అమ్మేటప్పుడు గడువున్న బండికే బేరం వస్తుంది. గడువు దాటిపోయి రెన్యువల్ కాని బండిని పేరు మార్చుకుని తర్వాత చూసుకోవచ్చని ఎవరైనా చెబితే, ముందు వాళ్ళనే రెన్యువల్ చేయించి రమ్మనండి.

ఢిల్లీ నంబరు బళ్ళు ఇక్కడ మరీ చవకగా కనిపిస్తాయి. అక్కడ పదేళ్ళ డీజిల్, పదిహేనేళ్ళ పెట్రోలు బళ్ళ మీద ఆంక్షలుండటం దానికి కారణం. ఇక్కడ రిజిస్టర్ చేయించాలంటే అక్కడి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), అంటే ఫారం 28 కావాలి, బండి వయసును బట్టి మన రాష్ట్రంలో మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఈ రెండూ కలిపాక కూడా చవకగా ఉంటేనే చూడండి.

చూడటానికి పొద్దున్నే వెళ్ళండి, మీరు వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి వేస్తే చల్లగా ఉండాలి. వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారు. ఇంజన్ చల్లగా ఉండగానే రేడియేటర్ మూత తీయండి. లోపల పచ్చగానో ఎర్రగానో కూలెంట్ ఉండాలి. మన దగ్గర చాలా బళ్ళలో కనిపించేది తుప్పు రంగు బోరు నీళ్ళు. ఆ నీళ్ళ వల్ల రేడియేటర్ పూడుకుపోతుంది, మే నెలలో ఇంజన్ వేడెక్కుతుంది, ఆపైన హెడ్ గ్యాస్కెట్ పోతుంది. ఆయిల్ మూత లోపల మజ్జిగ లాంటి తెట్టు కనిపిస్తే నీళ్ళు ఆయిల్‌లో కలుస్తున్నట్టు అనుమానించాలి. ఇంజన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ మూత తీస్తే గుప్పు గుప్పున పొగ కొడితే బ్యాక్ కంప్రెషన్ ఉంది, పిస్టన్ రింగులు అరిగాయి. కాసేపు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారి రేస్ ఇస్తే నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్ళు, ఆగకుండా వస్తూనే ఉంటే ఇంజన్ విప్పి చేసే బోరు పని. అనుమానం తీరకపోతే ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్ చేయించండి. అంకె ఎంతన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా 10, 15 శాతం దాటకుండా ఉందా అన్నది చూడాలి.

రోడ్డు మీద నాలుగో గేర్‌లో 40 వేగంతో పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజన్ అరుపు పెరిగి బండి మాత్రం కదలకపోతే క్లచ్ ప్లేట్ జారుతోంది. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి గుండ్రంగా నడిపితే టక టక మంటే యాక్సిల్ జాయింట్. అద్దం దించి స్పీడ్ బ్రేకర్ల మీద నెమ్మదిగా ఎక్కిస్తే లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌ల చప్పుడు బయటపడుతుంది. ఏసీని ఎండలో, బండి నిలబెట్టి పదిహేను నిమిషాలు నడపండి. నడుస్తున్నప్పుడు చల్లగా ఉండి ఆగగానే వేడి గాలి వస్తే కండెన్సర్ ఫ్యాన్ లేదా గ్యాస్. గ్యాస్ పట్టిస్తే చాలు అనే మాట నమ్మొద్దు. కూలింగ్ కాయిల్ లీకైతే డ్యాష్‌బోర్డ్ విప్పాలి, విప్పిన డ్యాష్‌బోర్డ్ మళ్ళీ చప్పుడు లేకుండా కూర్చోదు.

మీటర్ తిప్పడం ఈ రేటు బళ్ళలో మామూలు. మారుతి, హ్యుందాయ్ అధీకృత సర్వీస్ సెంటర్లలో నంబరు చెబితే పాత సర్వీసు రికార్డులో కి.మీ. కనిపిస్తుంది, ఓనరును వెంట తీసుకెళ్ళండి. టైరు మీది నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 3118 అంటే 2018లో 31వ వారం. గాడి లోతుగా ఉన్నా ఆరేడేళ్ళు దాటిన టైరుకు డబ్బు లెక్కేసుకోవాలి. అద్దాల మీద, సీటు బెల్ట్ ట్యాగ్ మీద కూడా సంవత్సరం ఉంటుంది. ఒక్క డోర్ అద్దం మాత్రం వేరే సంవత్సరంది అయితే ఆ డోర్ వైపు తగిలింది. బానెట్, ఫెండర్ బోల్టుల తలల మీద రంగు చెరిగిందా, డిక్కీలో స్టెప్నీ గుంటలో రేకు ముడతలు పడిందా అన్నవి కూడా చూడండి. డెంట్ ఉండటం తప్పు కాదు. గుద్దుకుని వంగిన చాసిస్‌ని లాగి సరిచేసిన బండి మాత్రం వద్దు.

నీళ్ళలో మునిగిన బండి విడిగా చెప్పుకోవాల్సిన రకం. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో, 2015, 2023 డిసెంబర్లలో చెన్నైలో వేల బళ్ళు మునిగాయి. అలాంటి బండి కడిగి, సెంటు కొట్టి, కొత్త సీటు కవర్లతో వస్తుంది. సీటు బెల్ట్‌ని చివరిదాకా లాగితే బురద గీత కనబడుతుంది. సీటు పట్టాల తుప్పు, కార్పెట్ కింద సన్నటి మట్టి, ఫ్యూజ్ బాక్స్‌లో ఆకుపచ్చ చిలుము మిగతా సంగతి చెబుతాయి. ఇంజన్ బాగుచేయొచ్చు గానీ వైరింగ్ ఏళ్ళ తరబడి సతాయిస్తుంది. విశాఖ, మచిలీపట్నం వైపు బండ్లలో ఉప్పు గాలి వల్ల గడపల కింద తుప్పు ఉంటుంది, అది మునక కాదు.

ఈ బళ్ళేవీ ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కోసం తయారైనవి కావు. మైలేజీ కొంత తగ్గడం అటుంచితే, చూడాల్సింది పాత ఫ్యూయల్ పైపులు. పగుళ్ళుంటే, పెట్రోలు వాసన వస్తుంటే వెంటనే మార్పించండి.

స్విఫ్ట్, రిట్జ్ డీజిల్ ఈ రేటుకు వస్తే అవి లక్షన్నర కి.మీ. దాటి తిరిగినవే. 1248 సీసీ ఇంజన్ గట్టిదే అయినా ఇంజెక్టర్లు, టర్బో ఒకదాని తర్వాత ఒకటి పాడవుతాయి. నెలకు 1500 కి.మీ. దాటి తిరగనివాళ్ళు అటు చూడొద్దు. ఇండియాలో 2017లో షెవర్లే అమ్మకాలు ఆపింది, తయారీ మానేస్తున్నట్టు 2021లో ఫోర్డ్ ప్రకటించింది. ఫోర్డ్ ఫిగో పెట్రోలు మంచి బండే, చిన్న ఊళ్ళో బాడీ పార్టు కోసం వారాలు ఆగగలిగితే.

రేటు కుదిరాక పూర్తి డబ్బు ఇచ్చే ముందు ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో ఆర్‌సీ వివరాలు, హైపోథికేషన్ (బండి మీద లోన్ నమోదు), ఈ-చలాన్లు చూడండి. లోన్ తీరినా బ్యాంకు పేరు ఆర్‌సీలో అలాగే ఉండిపోతుంది. దాన్ని తీయించడానికి బ్యాంకు ఎన్‌ఓసీతో పాటు ఫారం 35 కావాలి. పేరు మార్పిడికి ఓనరు సంతకాలతో ఫారం 29, 30 తీసుకోండి. ఓనరు చనిపోయి ఉంటే ముందు వారసుల పేరు మీదికి ఫారం 31తో మారాలి, ఖాళీ కాగితాల మీద పాత సంతకాలతో కాదు. కొన్నవాళ్ళు 30 రోజుల్లో ఆర్‌టీఏకి, 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీకి తెలపాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, ఆ తేడా ప్రీమియం కట్టాలి. ఫాస్టాగ్ పాతవాళ్ళది తీసేయించి కొత్తది వేయించుకోండి.