పట్టికా, నమూనా లెక్కా, మీటరా: నివాసేతర భవనాల ఇంధన నియమావళికి ఏది మేలు?

కార్యాలయాలు, ఆసుపత్రులు, పాఠశాలలు, దుకాణ సముదాయాల వంటి నివాసేతర భవనాల ఇంధన పొదుపు నియమావళిని సవరించాలన్న ప్రతిపాదన వచ్చిన ప్రతిసారీ చర్చంతా అంకెల చుట్టూనే తిరుగుతుంది. పైకప్పు ఇన్సులేషన్ ఎంత మందం ఉండాలి, చదరపు అడుగుకు ఎన్ని వాట్ల దీపాలు చాలు అన్నవే అందులో ప్రధానాంశాలు. అంతకన్నా ముందు తేల్చుకోవలసింది, భవనం ఆ నియమాలకు లోబడి ఉందని ఎలా రుజువు చేయాలన్నది. పట్టికలో ఉన్న ఒక్కొక్క పరిమితినీ విడివిడిగా పాటించి చూపడం ఒక పద్ధతి. భవనం మొత్తానికి కంప్యూటరులో నమూనా తయారుచేసి, ఏడాది వాడకాన్ని అంచనా కట్టి, ప్రామాణిక భవనంతో పోల్చి చూపడం రెండో పద్ధతి. జనం వచ్చి చేరాక మీటరు చెప్పే లెక్కను చూడడం మూడోది.

పట్టిక పద్ధతికి ఉన్న పెద్ద బలం తనిఖీ సులువు కావడం. గాజు పలక మీది లేబుల్ చదవడానికి, ఇన్సులేషన్ మందం కొలవడానికి, దీపాల వాట్లు కూడడానికి అధికారికి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. పైగా, మార్కెట్లోకి మంచి వస్తువు రాగానే పట్టికను బిగించవచ్చు. ఆష్రే అనే అమెరికా ఇంజనీర్ల సంఘం రూపొందించిన, అనేక దేశాల నియమావళులకు ఆధారమైన ఆష్రే 90.1 ప్రమాణంలో కార్యాలయ భవనపు దీపాల పరిమితి 2004 ప్రతిలో చదరపు అడుగుకు 1 వాటు ఉండగా, 2019 ప్రతిలో అది 0.64 వాటుకు దిగింది. ఎల్ఈడీ దీపాలు చేతికందడమే దీనికి ప్రధాన కారణం. అయితే పట్టిక భవనం ఆకారాన్ని దాదాపుగా చూడదు. పగటి వెలుగు ప్రతి గదికీ అందేలా సన్నగా కట్టిన భవనమూ, మధ్య భాగంలో రోజంతా దీపాలు వెలగాల్సిన వెడల్పాటి భవనమూ దాని ముందు ఒకటే.

ఈ లోటును పూడ్చేది నమూనా పద్ధతి. ఆష్రే 90.1 లోని ‘జి’ అనుబంధంలో పోలికకు తీసుకునే ప్రామాణిక భవనాన్ని నాలుగు దిక్కులకూ తిప్పి, నాలుగు లెక్కల సగటును తీసుకుంటారు. కనుక పడమటి ఎండ తగలకుండా భవనాన్ని మంచి ముఖంగా నిలబెట్టిన వాస్తుశిల్పికి దాని ఫలితం లెక్కలో కనిపిస్తుంది. 2016 ప్రతి నుంచి ఆ పోలిక భవనాన్ని ఇంచుమించు 2004 నాటి స్థాయిలో స్థిరంగా ఉంచి, ప్రతి సవరణలోనూ చేరవలసిన వాడకపు లక్ష్యాన్ని మాత్రమే కిందికి దించుతున్నారు. పాత భవనాలనూ కొత్తవాటినీ ఒకే కొలబద్దతో చూడగలగడం ఇందువల్లనే సాధ్యమైంది. నా దృష్టిలో ఇది ఎంతో తెలివైన ఏర్పాటు.

కానీ ఈ పద్ధతిలోనే ఒక పెద్ద లొసుగు కూడా ఉంది. గోడ వైశాల్యంలో కిటికీల వాటా 40 శాతం మించరాదని ఆష్రే పట్టిక చెబుతుంది, భారత ఇంధన పరిరక్షణ భవన నియమావళి 2017 కూడా ఇదే చెబుతుంది. నిలువెల్లా గాజు కావాలనుకునేవారు నమూనా పద్ధతికి మారి, గాజు వల్ల కలిగే నష్టాన్ని మేలైన చిల్లరుతోనూ (భవనమంతటికీ చల్లదనం అందించే యంత్రం) దీపాలతోనూ భర్తీ చేసి చూపుతారు. కాగితం మీద లెక్క సరిపోతుంది. కానీ చిల్లరు ఇరవై ఏళ్లకో పాతికేళ్లకో మారిపోతుంది, గోడ అంతకు రెట్టింపు కాలం నిలిచి ఉంటుంది. యంత్రం పాతబడి దాని పనితనం తగ్గుతున్న కొద్దీ, ఆ గాజులోంచి వచ్చే వేడి మాత్రం మొదటి రోజున ఎంతో అంతే ఉంటుంది. ఆష్రే 90.1 యొక్క 2022 ప్రతి ఈ బదలాయింపుకు హద్దు గీసింది, నమూనా ఎంత బాగున్నా గోడలు, పైకప్పు, కిటికీలు ఒక కనీస స్థాయికి తగ్గరాదన్నది. నియమావళిని సవరించబోయే ఏ ప్రభుత్వమైనా ముందుగా తీసుకోవలసిన నిబంధన ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మీటరు పద్ధతి వినడానికి అన్నిటికన్నా నిజాయితీగా ఉంటుంది. న్యూయార్క్ నగరం 2019లో చేసిన 97వ స్థానిక చట్టం, 25,000 చదరపు అడుగులు దాటిన భవనాలలో అధిక భాగానికి 2024 నుంచి ఉద్గారాల పరిమితి విధించి, మించిన ప్రతి టన్నుకూ 268 డాలర్ల జరిమానా పెట్టింది. పాత భవనాలను దారికి తేవడానికి ఇటువంటి చట్టం అవసరమే. కొత్త భవనానికి మాత్రం ఇదొక్కటే చాలదు, ఎందుకంటే మీటరు తప్పును బయటపెట్టేసరికి గోడ కట్టేసి ఉంటుంది. సగం ఖాళీగా ఉన్న భవనం ఉత్తమమైనదిగా కనబడే ప్రమాదం కూడా ఉంది.

అందుచేత చిన్న, మధ్యతరహా భవనాలకు పట్టికే మేలు. పెద్దవాటికి కనీస హద్దుతో కూడిన నమూనా మేలు. ఏ పద్ధతి ఎంచుకున్నా, బిగించిన యంత్రం పనిచేస్తోందో లేదో పరీక్షించడం ప్రతిపాదనలో తప్పనిసరి కావాలి. పైకప్పు మీది ఏసీ యంత్రాలలో ఎకనమైజర్ అనే ఏర్పాటు ఉంటుంది. బయట చల్లగా ఉన్నప్పుడు, బయటి గాలిని లోపలికి వదిలే డాంపర్ రెక్కలు తెరుచుకుని, కంప్రెసర్ అవసరం లేకుండానే గదులు చల్లబడతాయి. ఆ రెక్క తుప్పు పట్టో, సెన్సరు తప్పు చదివో సగంలో ఆగిపోయినా లోపల ఉన్నవారికి తెలియదు. కంప్రెసరు ఆ లోటును కప్పేస్తుంది, గది చల్లగానే ఉంటుంది, బిల్లు మాత్రం పెరుగుతుంది. ఎండాకాలంలో పూర్తయిన భవనంలో ఈ రెక్కను సహజ పరిస్థితిలో పరీక్షించే వీలే ఉండదు. కాబట్టి అలాంటి భవనానికి తాత్కాలిక అనుమతి ఇచ్చి, చల్లని రోజులు వచ్చాక రెండోసారి పరీక్ష జరిపిన తరువాతనే తుది ధ్రువపత్రం ఇచ్చేలా నిబంధన రాయాలి.