రెండేళ్లు మెప్పించి, ఒక చిన్న జాలీ దగ్గర ఇబ్బంది పెట్టిన ఇయర్‌ఫోన్లు

వారానికి నాలుగు రోజులు నల్లగొండ నుంచి హైదరాబాదుకు బస్సులో పోయి వస్తాను. నార్కట్‌పల్లి దగ్గర పెద్ద రోడ్డు ఎక్కినప్పటి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేదాకా ఇంజను రొద తప్పదు కాబట్టి, రెండేళ్ల కిందట 2,400 రూపాయలు పెట్టి ఈ వైరు ఇయర్‌ఫోన్లు కొన్నాను. కొన్న మూడో నెలలోనే, వీటికి చెవిలో దూరే మూతి మీద తొడిగే సిలికాన్ టిప్పులు తీసేసి, స్పాంజిలా మెత్తగా ఉండే ఫోమ్ టిప్పులు వేసుకొమ్మని ఆఫీసులో అడిగినవారికీ అడగనివారికీ చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవలసి వచ్చింది.

ఫోమ్ మీద నాకు అంత ఇష్టం కలగడానికి కారణం ఒగ్గుకథ. నా దగ్గర ఉన్న ఒక మంచి రికార్డింగును సిలికాన్ టిప్పులతో వింటే తాళాలు ఖంగుమనేవి కానీ, డోలు మాత్రం ఎక్కడో పక్క వాడలో మోగినట్టుండేది. చెవి దారి పూర్తిగా మూసుకుంటేనే ఇయర్‌ఫోన్ లోపలి డ్రైవరు, అంటే అంత చిన్న స్పీకరు, పుట్టించే మంద్ర ధ్వని నిలుస్తుంది. సందు ఉంటే ముందుగా పోయేది అదే. ఫోమ్‌ను వేళ్ల మధ్య నలిపి చెవిలో పెట్టుకొని, అది ఉబ్బి సర్దుకొనేదాకా అర నిమిషం ఆగితే, డోలు దెబ్బ తగిన బరువుతో వినిపించింది. బస్సు రొద కూడా అణగడంతో వాల్యూమ్ బాగా తగ్గించగలిగాను. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ ధ్వని వారానికి 40 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది కనుక, నాలాగా రోజూ గంటల తరబడి వినేవారికి ఇది చిన్న మేలు కాదు.

పోయిన మే నెలలో కుడివైపు ధ్వని తగ్గడం మొదలైంది. ఒక్కసారిగా పోయి ఉంటే వెంటనే తెలిసేది. రోజుకింత తగ్గుతూ రావడంతో, నా చెవికే ఏదో అయిందని భయపడి డాక్టరు దగ్గరికి కూడా పోయి వచ్చాను. చెవిలో దోషం లేదని తేలాక, కేబుల్ విడదీసి ఎడమ పిన్నులను కుడికి, కుడివి ఎడమకు మార్చి పెట్టి చూశాను. తగ్గిన ధ్వని కేబుల్ వెంట ఎడమకు రాలేదు, ఆ కుడి ఇయర్‌ఫోన్‌లోనే ఉండిపోయింది. డ్రైవరే పోయిందనుకొని క్లాక్ టవర్ దగ్గర ఫోన్లు బాగుచేసే కుర్రవాడికి ఇచ్చాను. అతడు దాన్ని భూతద్దం కింద పెట్టి, "డ్రైవర్ మంచిగనే ఉంది సార్, జాలీ మూసుకుపోయింది" అని నాకూ చూపించాడు. టిప్పు తొడిగే గొట్టం మూతి మీద సన్నటి జాలీ ఉంటుంది. దాని కన్నాల నిండా గులిమి పేరుకొని, పసుపు రంగు మైనం పూసినట్టు మెరుస్తోంది. మామూలుగా గులిమి తనంతట తాను బయటికి జరుగుతుంది. చెవి దారిని గంటల తరబడి బిగించి మూసేది ఏదైనా దానికి అడ్డమే. ఎండాకాలపు చెమట, ఫోమ్ బిగువు తోడై నా విషయంలో జాలీ త్వరగా మూసుకుపోయిందని అనుకుంటున్నాను.

అతడు పట్టకారు మొనతో జాలీని ఊడదీయగానే ధ్వని తిరిగి వచ్చింది. అయితే జాలీ ఉన్నది దుమ్మును ఆపడానికి మాత్రమే కాదు, పైస్థాయి ధ్వనుల పదును తగ్గించడానికి కూడా. అది లేకపోయేసరికి తాళాలు చెవిలో గుచ్చుకున్నాయి. ఆన్‌లైన్‌లో తెప్పించిన 20 జాలీల ప్యాకెట్టు నుంచి ఒకటి అంటిస్తే పదును తగ్గింది కానీ, కొత్తది పాతదానికన్నా పలచన కావడంతో కథకుడి గొంతు మధ్యలో నిలవక కుడివైపుకు ఒరిగింది. చివరికి ఏ లోపమూ లేని ఎడమ జాలీని కూడా ఊడదీసి మార్చవలసి వచ్చింది. నాకు కోపం వచ్చింది ఇక్కడే. 1991లో వచ్చిన ఎటిమోటిక్ ఇ.ఆర్.4 ఇయర్‌ఫోన్లలో, ఈ జాలీ పనే చేసే ఫిల్టరు మూసుకుపోతే దాన్ని వాడేవారే తీసి మార్చుకొనే ఏర్పాటు ఉంది. ఇన్నేళ్ల తరువాత తయారైన ఈ జత పెట్టెలో మూడు సైజుల టిప్పులు, ఒక సంచి ఇచ్చినవారు, రెండు జాలీలు అదనంగా వేయలేకపోయారు.

సుఖం సంగతికొస్తే, చెవి వెనుక నుంచి తిప్పే కేబుల్ కళ్లజోడు కాడతో కలిసి గంటన్నర తరువాత నొక్కుతుంది. కళ్లజోడు లేనివారికి ఆ బాధ ఉండకపోవచ్చు. ఫోమ్ టిప్పులు మూడు నెలలకు చిరిగిపోతాయి కాబట్టి, రెండేళ్లలో వాటికి పెట్టిన డబ్బు ఇయర్‌ఫోన్ల ధరను దాటింది. ఇంట్లో వినేటప్పుడు ఇప్పుడు సిలికాన్ టిప్పులకే మళ్లాను, ఫోమ్ బస్సులోనే. రోడ్డు మీద నడుస్తూ వినేవారికి, వెనుక వచ్చే బండి హారన్ వినిపించనివ్వదు కనుక, ఫోమ్ వేసుకొమ్మని చెప్పను. నాలాగా ఒక చోట కూర్చొని దూరం ప్రయాణించేవారు, చెవిలో గులిమి తక్కువగా ఉండేవారు అయితే ఈ రకం కొనవచ్చు. దీంతోపాటే జాలీల ప్యాకెట్టు కూడా తెప్పించుకోండి, నెలకొకసారి టిప్పు తీసి టార్చి వెలుగులో ఆ మూతిని చూసుకోండి.