పెళ్లి గౌను, తోడి పెళ్లికూతుళ్ల డ్రెస్సులు: ఎప్పుడు ఇవ్వాలి, మూడేళ్లు దాటాక ఎలా ఉన్నాయి

ముందే చెప్పేస్తాను. మగ్గం వర్క్ ఉన్న గౌను అయితే పెళ్లికి ఆరు నెలల ముందు ఇవ్వాలి, లేసు వేసి కుట్టేదయితే మూడు నెలలు చాలు, తోడి పెళ్లికూతుళ్ల బట్ట మాత్రం గౌను బట్టతో పాటే కొనేసి ఇంట్లో పెట్టుకుని, కుట్టడానికి రెండు నెలల ముందు ఇస్తే బాగుంటుంది. గుంటూరు, విజయవాడల్లో కుట్టించుకునేవాళ్లకి ఈ లెక్క సరిపోతుంది. నా పెళ్లి 2022 ఏప్రిల్ ఆఖరి వారంలో గుంటూరులో, లూథరన్ చర్చిలో అయింది. గౌను విజయవాడలో ఒక బొటీక్‌లో కుట్టించాం. ఆ తర్వాత అదే గౌను మా మామయ్య కూతురు కూడా తన పెళ్లికి వేసుకుంది, తోడి పెళ్లికూతుళ్ల డ్రెస్సులు ఇప్పటికీ వాడుతున్నారు, కాబట్టి ఉతుకు, నిల్వ, ఆల్టరేషన్ అన్నీ చూశాకే రాస్తున్నాను.

ఇంటర్నెట్‌లో వెతికితే ఏడాది ముందు ఆర్డర్ ఇవ్వాలనీ, కనీసం ఎనిమిది తొమ్మిది నెలలైనా ఉండాలనీ కనిపిస్తుంది. అది చదివి మా అమ్మ హడలిపోయింది, ఎందుకంటే ప్రధానం అయ్యేసరికే మాకు ఏడు నెలలు కూడా లేవు. కానీ ఆ లెక్క అమెరికా, ఇంగ్లండ్ షాపులది. అక్కడ షాపులో ఉన్న శాంపిల్ గౌను తొడుక్కుని చూసి, కంపెనీ సైజు చార్టులో దగ్గరగా ఉన్న సైజు ఆర్డర్ ఇస్తారు, అది తయారై రావడానికే నాలుగు నుంచి ఆరు నెలలు, వచ్చాక ఒంటికి సరిచేయించుకోవడానికి ఇంకో రెండు నెలలు. తొందరగా కావాలంటే అదనంగా కట్టాలి. మన దగ్గర ఒంటి కొలతలు తీసుకుని మొదటి నుంచీ కుడతారు కాబట్టి అంత టైం అక్కర్లేదు. నిజానికి గౌను కుట్టడానికి పట్టేది కొద్ది రోజులే, మిగతాదంతా మన వంతు వచ్చేదాకా ఎదురుచూడటం.

ఆ వంతు ఎప్పుడొస్తుందో మన పెళ్లి తేదీని బట్టి తేలదు. మన క్రైస్తవులం ముహూర్తాలు చూసుకోం, పాస్టరు గారికీ ఫంక్షన్ హాలుకీ కుదిరిన రోజు పెట్టేసుకుంటాం, కానీ టైలర్‌కి ముహూర్తాలున్నాయి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే ఊరంతా పట్టు జాకెట్లు పట్టుకుని మగ్గం వర్క్ వాళ్ల దగ్గరికే వెళ్తుంది. డిసెంబరు సగం నుంచి ధనుర్మాసం, హిందువులకి పెళ్లిళ్లు ఉండవు కదా అనుకుంటే, అప్పుడు మనవాళ్లే క్రిస్మస్ బట్టలతో మీద పడతారు, అది అవగానే సంక్రాంతి. పైగా మన పెళ్లిళ్లు కూడా గుంపుగానే వస్తాయి. లెంట్ రోజుల్లో, అంటే ఈస్టర్ ముందు వచ్చే నలభై ఉపవాస దినాల్లో, మామూలుగా పెట్టుకోరు కాబట్టి అటు లెంట్‌కి ముందో, ఇటు ఈస్టర్ అయిన వారంలోనో అందరూ ఒక్కసారే తయారవుతారు. ఈస్టర్ మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపు ఎప్పుడైనా రావచ్చు, అది చూసుకోకుండా వెనక్కి లెక్క వేస్తే కుదరదు.

మా విషయంలో ఇంకోటి కూడా తోడైంది. 2022లో ఈస్టర్ ఏప్రిల్ 17న, రంజాన్ పండగ మే 3న వచ్చాయి. అంటే మా పెళ్లికి ముందు నెల దాదాపు అంతా ఉపవాసాల నెల. నా గౌను మీద ముత్యాల పని చేసిన కుర్రాళ్లు బెంగాల్ వాళ్లు, పండక్కి ఊరెళ్తే మళ్లీ ఎప్పుడొస్తారో బొటీక్ ఆవిడకే తెలియదు. ఆ మాట ఆవిడే ముందుగా చెప్పింది, దానికి మాత్రం పూర్తి మార్కులు ఇస్తాను. "వర్క్ మార్చి దాటనివ్వనమ్మా, దాటితే ఇక నా చేతిలో ఉండదు" అంది, దాటనివ్వలేదు.

నన్నడిగితే ఇక్కడ గౌను ఇవ్వడానికి బెస్ట్ నెల ఆషాఢం. పెళ్లిళ్లు ఉండవు, బట్టల షాపుల్లో తగ్గింపులు పెడతారు, అన్నిటికన్నా ముఖ్యం, టైలర్ మాస్టర్ మన మాట నిలబడి వింటాడు. సీజన్‌లో వెళ్తే ఫోటో చూసి "చేసేద్దాం మేడమ్" అంటాడు, ఏం చేస్తాడో చెప్పడు. క్రిస్మస్ తర్వాత పెళ్లి ఉన్నవాళ్లు జులైలో వెళ్లండి.

మేం దసరా అయిన వారంలో ఇచ్చాం. బట్టకి విజయవాడ వన్‌టౌన్ వెళ్లి వస్త్రలత అనే బట్టల మార్కెట్ చుట్టుపక్కల హోల్‌సేల్ షాపులన్నీ తిరిగాం. పైకి సాటిన్, నెట్టు, లోపల లైనింగ్‌కి క్రేప్ మేం కొన్నాం, గౌను ఉబ్బుగా నిలబడటానికి లోపల వేసే గట్టి నెట్టు, అదే క్యాన్‌క్యాన్ బొటీక్ వాళ్లు వేశారు. తెలుపులో ఎన్ని రకాలుంటాయో అక్కడ చూడాలి, నీలం కొట్టేది ఒకటి, వెన్న రంగు ఒకటి, ఐవరీ ఒకటి, ట్యూబ్‌లైట్ కింద అన్నీ ఒకేలా కనిపిస్తాయి. సాటిన్ ఒక షాపులో, నెట్టు ఒక షాపులో కొంటే రెండో దానికి డబ్బులు కట్టేముందు మొదటిది పక్కన పెట్టుకుని వీధిలోకొచ్చి పగటి వెలుతురులో చూడండి. షాపువాళ్లు ఏమీ అనుకోరు, వాళ్లకి అలవాటే.

కొలతలకి ఆది జాకెట్టు ఇస్తే చాలదు, గౌనుకి ఒంటి మీద టేపు పెట్టి తీయించుకోవాలి. అలాగని అక్టోబరులో తీసిన కొలతలు ఏప్రిల్‌కి ఉండవు కదా. ప్రధానం అయ్యాక పెళ్లికూతురు తిండి మానేసి చిక్కిపోనైనా పోతుంది, చుట్టాల ఇళ్లలో విందులు తిని లావైనా అవుతుంది. అందుకని ఛాతీ, నడుము దగ్గర రెండు వైపులా బాగా మార్జిన్ వదలమనండి, ముత్యాల పని ఆ సైడు కుట్లకి కాస్త దూరంలో ఆపమనండి. వర్క్ కుట్టు దాకా వేసేశారంటే ఆ తర్వాత బిగించాలన్నా వదులు చేయాలన్నా ప్రతిసారీ ముత్యాలు విప్పాల్సిందే. వెనక జిప్పుకి బదులు అల్లిక తాళ్లు పెట్టించుకుంటే అంగుళం రెండంగుళాల తేడా వాటితోనే సర్దుకుపోతుంది.

మొదటి ట్రయల్ నెలన్నర ముందు, ఆఖరిది రెండు వారాల ముందు ఉంటే చాలు. ఆఖరి ట్రయల్‌కి పెళ్లినాడు వేసుకునే హీల్సే వేసుకెళ్లండి, కింద హెమ్మింగ్ దాన్ని బట్టే తేలుస్తారు. అద్దం ముందు నిలబడి ఫోటో తీసుకుని వచ్చేయకండి. నాలుగు మెట్లు ఎక్కి దిగండి, మోకాళ్ల మీద కూర్చుని లేవండి. ప్రార్థనకి మోకరించాలి కదా, ఆ క్యాన్‌క్యాన్ అప్పుడు గొడుగులా లేచి మీదికొస్తుంది. నాకు ట్రయల్‌లో అలాగే లేచింది, ముందు వైపు ఒక పొర తీయించేశాం.

ఇంకో సంగతి డిజైన్ చూపించేవాళ్లకి తట్టదు. వాళ్ల ఫోన్లో ఉన్న ఫోటోలన్నీ విదేశాలవి, వాటిలో తాళి లేదు. మనకి ఉంది. మెడ పైదాకా నెట్టు, దాని మీద వరసగా చిన్న చిన్న గుండీలు, ఆ పైన వెయిల్. ఫోటోలో చాలా బాగుంటుంది. మా పెదనాన్న కూతురు అలాంటిదే కుట్టించుకుంది. పెళ్లిలో తాళి గొలుసు కొక్కెం సరిగ్గా మెడ వెనక ఆ నెట్టులో పట్టుకుంది, బావగారు లాగితే నెట్టు చిరుగుతుందని భయం, వదిలేస్తే గొలుసు జారుతుందని భయం, ఆడపడుచు వచ్చి పిన్నీసుతో దారాలు ఒక్కొక్కటీ తప్పించేదాకా అయ్యగారు పుస్తకంలో వేలు పెట్టుకుని అలాగే నిలబడ్డారు. అది చూసిన దాన్ని కాబట్టి నా గౌనుకి వెనక మెడ అరచేయంత కిందికి దించమన్నాను. మాస్టర్ మొదట ఒప్పుకోలేదు, భుజాలు జారతాయన్నాడు. తాళి సంగతి చెప్పాక "అవునమ్మా, అది ఉందిగా" అని సుద్దముక్క తీసుకుని తనే ఇంకాస్త కిందికి గీసి, జారకుండా లోపల సన్నటి టేపు వేశాడు.

ఇక ఫిర్యాదు. చెప్పిన తేదీకి ఏదీ రాలేదు. వర్క్ టైంకే అయింది, కుట్టు దగ్గర ఆగింది. ఈస్టర్ బట్టలు, ఆ వెనకే పెళ్లిళ్ల జాకెట్లు, మధ్యలో నా గౌను. ఎప్పుడు ఫోన్ చేసినా "హుక్స్ ఒక్కటే మిగిలాయి మేడమ్" అనేవాళ్లు, గుంటూరు నుంచి బస్సెక్కి, వారధి మీద ట్రాఫిక్ దాటుకుని వెళ్తే చేతులు ఇంకా అతికించి ఉండేవి కావు. పెళ్లి తేదీ పది రోజులు ముందుకి చెప్పడం అందరూ చేసే పనే, మా అమ్మా అదే చెప్పింది, కానీ బొటీక్ ఆవిడకి ఇలాంటి అమ్మలు కొత్త కాదు. నవ్వుతూ శుభలేఖ అడిగి తీసుకుంది, తేదీ చూసి గోడకి గుచ్చేసింది. కాబట్టి ఆ తెలివితేటలు మానేసి, బిల్లు మీద ట్రయల్ తేదీ విడిగా, డెలివరీ తేదీ విడిగా రాయించుకోండి, కుట్టు కూలీలో సగమైనా ఆఖరి ట్రయల్ దాకా మీ దగ్గరే ఉంచుకోండి.

తోడి పెళ్లికూతుళ్ల డ్రెస్సుల్లో టైం కన్నా రంగే పెద్ద టెన్షన్. చెల్లి, ఆడపడుచు, హైదరాబాద్‌లో ఉండే పిన్ని కూతురు, నా కాలేజీ ఫ్రెండ్, వీళ్లందరికీ లేత పీచ్ జార్జెట్ ఒకే థాన్‌లోంచి కోయించాం. ఫిబ్రవరిలో అత్తగారి తరపు నుంచి ఇంకో అమ్మాయి కలిసింది. అదే షాపు, అదే రంగు నంబరు, కానీ థాన్ వేరు. రంగు వేసిన బ్యాచ్ మారితే కొద్దిగా తేడా వస్తుంది, షాపువాళ్లు చేయగలిగిందేమీ లేదు. చేతిలో పట్టుకుంటే తెలియలేదు, గ్రూప్ ఫోటోలో మాత్రం ఆ అమ్మాయి డ్రెస్సు కాస్త గులాబీ వైపు వెళ్లిపోయింది. అందుకే బట్ట ముందే, ఒకేసారి, ఒకరికి సరిపడా ఎక్కువే కొనండి. మిగిలితే ఫ్లవర్ గర్ల్స్ నడుముకి బెల్టులు అవుతాయి, పెళ్లికొడుకు స్నేహితుల జేబురుమాళ్లు అవుతాయి. ఆఖర్లో కొత్తగా ఎవరూ చేరలేదంటే మీది మా ఊరు కాదన్నమాట.

కుట్టడం మాత్రం తొందరపడొద్దు. వేరే ఊళ్లో ఉన్నవాళ్లు ఫోన్లో చెప్పే కొలతలు నమ్మకుండా, పిన్ని కూతురి బట్ట హైదరాబాద్‌కే పంపి డిజైన్ ఫోటో ఇచ్చి అక్కడే కుట్టించుకోమన్నాం. మెడ ఒక్కటి తేడా వచ్చింది, ఫిటింగ్ మాత్రం అందరిలోకీ తనదే బాగా కుదిరింది. చిన్నపిల్లల గౌన్లు ఇంకా ఆలస్యంగా, నెల ముందు ఇవ్వండి, వాళ్లు పెరిగిపోతారు. కింద నాలుగంగుళాలు మడత పెట్టించండి, ఆ తర్వాత క్రిస్మస్‌కి విప్పుకుని వేసుకోవచ్చు, మా అన్నయ్య కూతురు అలాగే వేసుకుంది.

ఎండ గురించి ఒక్క మాట. ఏప్రిల్ ఆఖరులో గుంటూరులో ఆ గౌను వేసుకుని ఆరాధన అంతా నిలబడటం తేలిక కాదు. లైనింగ్ క్రేప్‌కి బదులు మెత్తటి కాటన్ వేయించుకుంటే చెమట పీల్చేది. చంకల దగ్గర తీసి ఉతుక్కునే ప్యాడ్లు పెట్టించాను, అవి నిజంగా గౌనుని కాపాడాయి.

పెళ్లి అయిన వారంలోపే డ్రైక్లీనింగ్‌కి ఇచ్చేయాలి. కేకు, కూల్‌డ్రింక్ మరకలు ఆరోజు కనిపించవు, అందులోని పంచదార నెలలు గడిచాక గోధుమరంగులోకి తిరుగుతుంది, అప్పుడు తీయడం చాలా కష్టం. ఇచ్చేటప్పుడు ముత్యాలు దారంతో కుట్టినవా, గమ్‌తో అంటించినవా అన్నది వాళ్లకి చెప్పండి, గమ్ అయితే ఆ మందుకి ఊడిరావచ్చు. నాది కుట్టినదే, చెక్కుచెదరలేదు. తెచ్చాక ప్లాస్టిక్ కవర్ తీసేసి, నాన్న పాత తెల్లపంచెల్లో చుట్టి అట్టపెట్టెలో పరిచి పెట్టాం. హ్యాంగర్‌కి వేలాడదీస్తే ఆ బరువుకి భుజాలు సాగుతాయి. కలరా ఉండలు బట్టకి తగలనివ్వలేదు, వానాకాలం అయ్యాక ఒకసారి తీసి నీడలో ఆరబెట్టాం.

2024 జనవరిలో మా మామయ్య కూతురి పెళ్లికి తీస్తే తెలుపు తెలుపుగానే ఉంది. క్యాన్‌క్యాన్ మాత్రం నలిగి చచ్చుబడింది, కొత్తది వేయించాం. తను నాకన్నా బాగా సన్నం, మార్జిన్ వదిలిన చోటే లోపలికి తీసుకున్నారు, ఒక్క ముత్యం కదపలేదు. పని వారంలో అయిపోయింది, అదీ క్రిస్మస్ ముందు ఇస్తే.

ఆన్‌లైన్‌లో విదేశీ సైటు నుంచి తెప్పించుకున్న గౌను కూడా మా బంధువుల్లో చూశాను. రావడం ఆలస్యం, కస్టమ్స్ సుంకం మనమే కట్టాలి, లోపల మార్జిన్ అర అంగుళం కూడా లేదు, బిగుతైతే ఏమీ చేయలేం. తెప్పించుకోవాలనుకుంటే నాలుగు నెలలు చేతిలో పెట్టుకుని ఒక సైజు పెద్దది తీసుకోండి. అద్దెకి తీసుకుంటే డబ్బు చాలా కలిసొస్తుంది, కాకపోతే మీ ముందు వేసుకున్నవాళ్లు ఎప్పుడు తిరిగిస్తారు, మధ్యలో డ్రైక్లీనింగ్‌కి టైం ఉందా అని బుకింగ్ పుస్తకం తెరిపించి చూడండి, ఈస్టర్ వారంలో మరీ.

నాకు బట్ట, వర్క్, కుట్టు కలిపి 40 వేల దాకా అయింది, ఇద్దరు పెళ్లికూతుళ్లు వేసుకున్నాక ఎక్కువ అనిపించడం లేదు. పీచ్ డ్రెస్సుల్లో రెండు చున్నీ జత చేసుకుని చర్చికి వేసుకుంటున్నారు, జార్జెట్ గట్టిది, జిప్పులే పోయాయి. ఇప్పుడు చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. తేదీ సంగతి దేవుడెరుగు, మొన్న ఆషాఢంలో అమ్మ వన్‌టౌన్ వెళ్లి సాటిన్ మాత్రం తెచ్చేసింది.