చిన్నప్పుడే యూరప్ వెళ్లడమా, ఇంటి దగ్గర ఎదిగి వెళ్లడమా? కొరియా ఫుట్‌బాలర్లకు ఏది మేలు?

2025 ఆగస్టులో దక్షిణ కొరియా స్టార్ ఫుట్‌బాలర్ సన్ హ్యూంగ్ మిన్ లండన్ క్లబ్ టోటెన్‌హామ్‌ను వదిలి అమెరికాలోని లాస్ ఏంజెలెస్ ఎఫ్‌సీకి వెళ్లాడు. లండన్‌లో పదేళ్లు, 454 మ్యాచ్‌లు, 173 గోల్స్. 2021-22లో ఒక్క పెనాల్టీ కూడా లేకుండా 23 గోల్స్ కొట్టి, మొహమ్మద్ సలాతో కలిసి ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో అత్యధిక గోల్స్‌కు ఇచ్చే గోల్డెన్ బూట్ అందుకున్నాడు. వెళ్లిపోయే ముందు మే నెలలో బిల్బావోలో మాంచెస్టర్ యునైటెడ్‌ను ఓడించి, కెప్టెన్‌గా యూరోపా లీగ్ కప్పు ఎత్తాడు. పదహారేళ్లకే జర్మనీ చేరాడు కాబట్టే ఇదంతా సాధ్యమైందని, కొరియా పిల్లలు ఎంత చిన్న వయసులో యూరప్ వెళితే అంత మంచిదని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఎంత ప్రతిభ ఉన్న పిల్లాడైనా ముందు సొంత దేశంలో పెద్దవాళ్లతో ఆడి, ఆ తర్వాత ఒక్కో మెట్టూ ఎక్కడమే మేలని నా నమ్మకం.

సన్ గురించి మాట్లాడేటప్పుడు అతని తండ్రిని వదిలేయకూడదు. సన్ వూంగ్ జంగ్ కూడా ప్రొఫెషనల్ ఆటగాడే. గాయం వల్ల ఆయన ఆట తొందరగా ముగిసిపోయింది. సొంతూరు చున్‌చియాన్‌లో కొడుకును ఏళ్ల తరబడి ఏ జట్టులోనూ చేర్చకుండా బంతిని అదుపు చేయడం, రెండు కాళ్లతోనూ కొట్టడం లాంటి మూలపాఠాలే నేర్పించాడు. 2008లో కొరియా ఫుట్‌బాల్ సంఘం పథకం కింద కొడుకు హాంబర్గ్ అకాడమీకి వెళితే, తర్వాత తనూ అక్కడికి చేరి సాధన చేయించాడు. 2010లో 18 ఏళ్ల వయసులో సన్ జర్మనీ టాప్ లీగ్ బుందేస్‌లిగాలో మొదటి గోల్ కొట్టాడు. 2013లో మరో జర్మన్ క్లబ్ లెవర్‌కుసెన్, 2015లో టోటెన్‌హామ్. యూరప్ అతనికి పోటీని ఇచ్చింది, వేదికను ఇచ్చింది. పునాది మాత్రం ఇంటి దగ్గరే పడింది. ఇలాంటి తండ్రి ఎంతమందికి దొరుకుతాడు?

దొరకనివాళ్లకు ఏం జరుగుతుందో బార్సిలోనా అకాడమీకి వెళ్లిన కొరియా పిల్లల్ని చూస్తే తెలుస్తుంది. 18 ఏళ్లు నిండని పిల్లల్ని వేరే దేశపు క్లబ్ చేర్చుకోకూడదన్నది ఫిఫా నియమం. మినహాయింపులు కొన్నే. బార్సిలోనా దాన్ని మీరిందని 2013లో ఫిఫా అడ్డుపడింది. లీ సంగ్ వూ సుమారు మూడేళ్లు అధికారిక మ్యాచ్‌లు ఆడలేకపోయాడు. పైక్ సంగ్ హోదీ అదే పరిస్థితి. పిల్లల తప్పేం లేదు. కానీ పదిహేనేళ్ల నుంచి పద్దెనిమిది వరకు ఆటగాడికి మ్యాచ్‌లే ఊపిరి. లీ ఆ తర్వాత ఇటలీ, బెల్జియం తిరిగి 2022లో సొంత దేశపు లీగ్‌కు వచ్చేశాడు. పైక్ కూడా కొరియాకు వచ్చి జియోన్‌బుక్ క్లబ్‌లో స్థిరంగా ఆడాకే 2024లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ సిటీకి వెళ్లగలిగాడు.

లీ కాంగ్ ఇన్ సంగతి వేరు కదా అనొచ్చు. నిజమే, 2011లో పదేళ్ల వయసులో వాలెన్సియా అకాడమీలో చేరినవాడు ఈరోజు పారిస్ సెయింట్ జర్మెయిన్‌తో చాంపియన్స్ లీగ్ విజేత. అయితే అతని కోసం కుటుంబం స్పెయిన్‌కు మారింది. అంత చేసినా, 2019 అండర్-20 ప్రపంచకప్‌లో ఉత్తమ ఆటగాడిగా గోల్డెన్ బాల్ గెలిచినా, వాలెన్సియా సరైన అవకాశాలు ఇవ్వక 2021లో బదిలీ రుసుము ఏమీ తీసుకోకుండానే వదిలేసింది. మరో స్పెయిన్ క్లబ్ మయోర్కాకు వెళ్లాకే నిలదొక్కుకున్నాడు.

ఇప్పుడు రెండో దారి. డిఫెండర్ కిమ్ మిన్ జే టోంగ్‌యోంగ్ అనే రేవు పట్టణం కుర్రాడు. యూనివర్సిటీ మధ్యలో వదిలేసి, అణువిద్యుత్ సంస్థ నడిపే కింది స్థాయి జట్టులో మొదలుపెట్టాడు. 2017లో జియోన్‌బుక్‌లో చేరి వరసగా రెండు లీగ్ టైటిళ్లు గెలిచాడు. 2019లో బీజింగ్ వెళితే డబ్బు కోసం ఆట పాడుచేసుకుంటున్నాడని స్వదేశంలో విమర్శలు వచ్చాయి. 2021లో ఇస్తాంబుల్‌లోని ఫెనర్‌బాచే, 2022లో నాపోలి. మొదటి సీజన్‌లోనే నాపోలికి 33 ఏళ్ల తర్వాత ఇటలీ టైటిల్, అతనికి లీగ్ ఉత్తమ డిఫెండర్ అవార్డు. మరుసటి వేసవిలో బయర్న్ మ్యూనిక్ సుమారు 5 కోట్ల యూరోలు ఇచ్చి కొనుక్కుంది. వెళ్లిన ప్రతిచోటా మొదటి రోజు నుంచే జట్టులో ఉండగలిగాడు, ఎందుకంటే ప్రతి మెట్టు మీదా తర్వాతి మెట్టుకు సరిపడా ఆడాడు. ముఖ్యంగా డిఫెండర్లకు ఇది అవసరం. తప్పు చేస్తే గోల్ పడే స్థానం అది. ఆ టెన్షన్ అకాడమీ మ్యాచ్‌లలో రాదు.

అంతకు ముందు పార్క్ జీ సంగ్ కూడా ఇలాగే ఎక్కాడు. 2000లో జపాన్‌లోని క్యోటోకు వెళ్లాడు. అక్కడి నుంచి, అంతకు ముందు కొరియా జట్టు కోచ్‌గా ఉన్న హిడింక్ పిలుపుతో నెదర్లాండ్స్ క్లబ్ పీఎస్‌వీ, 2005లో మాంచెస్టర్ యునైటెడ్, నాలుగు ప్రీమియర్ లీగ్ టైటిళ్లు. పీఎస్‌వీలో మొదట్లో సొంత అభిమానులే గేలి చేసినా తట్టుకున్నాడు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు సైనిక సేవ. కొరియాలో ఆరోగ్యంగా ఉన్న ప్రతి మగవాడూ ఏడాదిన్నరకు తగ్గకుండా సైన్యంలో పనిచేయాలి. ఒలింపిక్ పతకమో, ఏషియన్ గేమ్స్ స్వర్ణమో వస్తే కొన్ని వారాల శిక్షణ, సమాజసేవతో సరిపోతుంది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం నడిపిన భారత జట్టు 2-1తో ఓడించింది ఈ దక్షిణ కొరియానే. ఆ స్వర్ణం మనకు ఇప్పటికీ గర్వకారణం. ఇవాళ్టి కొరియా కుర్రాడికైతే అదే స్వర్ణం మీద కెరీర్ ఆధారపడి ఉంటుంది. ఏషియన్ గేమ్స్‌కు ఆటగాణ్ణి వదలాల్సిన బాధ్యత క్లబ్బులకు లేదు. 2014లో లెవర్‌కుసెన్ సన్‌ను పంపలేదు, అతను లేకుండానే కొరియా స్వర్ణం గెలిచింది. 2016 రియో ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్లో ఓడి మైదానంలోనే ఏడ్చాడు. చివరికి 2018లో ఇండోనేషియాలో జపాన్‌పై 2-1 గెలుపుతో, 26 ఏళ్ల వయసులో గట్టెక్కాడు. ఆ మ్యాచ్‌లో మొదటి గోల్ కొట్టింది బార్సిలోనా నుంచి వచ్చిన లీ సంగ్ వూనే. స్వదేశంలో ఉన్నవాడికి ఇంకో దారి ఉంది: సైన్యపు జట్టు సాంగ్‌ము. చో గ్యూ సంగ్ అక్కడ ఆడుతూనే సేవ పూర్తిచేసి, 2023లో నిశ్చింతగా డెన్మార్క్ వెళ్లాడు. పరాయి దేశంలో ఉన్నవాడు ఈ దారి పట్టాలంటే 27 దాటకముందే కొరియా లీగ్‌కు తిరిగి రావాలి.

అందుకే నాకు యాంగ్ మిన్ హ్యోక్ లాంటి మధ్యదారి నచ్చుతుంది. 2024లో కొరియా లీగ్‌లో గాంగ్‌వాన్ ఎఫ్‌సీకి 12 గోల్స్ కొట్టాడు. టోటెన్‌హామ్‌తో ఒప్పందం మధ్యలోనే కుదిరినా సీజన్ అయ్యేదాకా ఉండి, జట్టును రెండో స్థానంలో నిలిపి వెళ్లాడు. లండన్ చేరగానే రెండో డివిజన్ క్లబ్‌కు లోన్ మీద (తాత్కాలికంగా) పంపారు. ఇంకో సీజన్ ఇంటి దగ్గర ఆడి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది, కానీ పదహారుకు వెళ్లడం కన్నా పద్దెనిమిదికి, అదీ పెద్దల లీగ్‌లో ఆడి వెళ్లడం ఎంతో నయం. అలాంటి కుర్రాడు యూరప్‌లో సంతకం పెట్టేటప్పుడు, జీతం సంగతి కన్నా ముందు ఏషియన్ గేమ్స్‌కు వదులుతామని క్లబ్ చేత ఒప్పందంలోనే రాయించుకోవాలి.