వదిలేసిన పుస్తకాల అర కోసమే ఈ యాప్ వాడుతున్నాను

కొన్నేళ్లుగా వాడుతున్న ఈ పుస్తకాల యాప్ పేరు చెప్పను. ఎందుకో కిందికి వచ్చేసరికి మీకే అర్థమవుతుంది. బార్‌కోడ్ స్కాన్ చేసి పుస్తకం చేర్చుకోవడం, ఏడాది లక్ష్యం, నెలనెలా రంగురంగుల చార్టులు ఇలాంటి యాప్‌లు అన్నిటిలోనూ ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది ఇందులోని ఒకే ఒక అర గురించి. దాని పేరు "వదిలేసినవి".

చదివినవి, చదువుతున్నవి, చదవాలనుకున్నవి అన్న మూడు అరలు మామూలే. ఇందులో నాలుగోది ఉంది. మధ్యలో ఆపేసిన పుస్తకాన్ని అందులో వేస్తే యాప్ రెండు ప్రశ్నలు అడుగుతుంది: ఎంతవరకు చదివారు, ఎందుకు ఆపేశారు. మొదటిదానికి పేజీ నంబరో శాతమో ఇస్తే చాలు. రెండోదానికి కొన్ని రెడీమేడ్ జవాబులుంటాయి: నడక నెమ్మది, కథ చెప్పే గొంతు నచ్చలేదు, అనువాదం సాఫీగా లేదు, ప్రస్తుతం మూడ్ లేదు. వాటి కింద సొంతంగా రాసుకోవడానికి ఒక ఖాళీ పెట్టె. అసలు సంగతి ఆ తర్వాత వచ్చే లైనులో ఉంది: "ఈ పుస్తకాన్ని ఇంచుమించు ఇక్కడే, ఇదే కారణంతో ఆపేసినవాళ్లు". దాన్ని నొక్కితే, దాచిపెట్టుకోని వాళ్ల అరలన్నీ తెరుచుకుంటాయి.

నాకు కొత్త రచయితలు ఎక్కువగా దొరికింది ఈ దారిలోనే. హోమ్ పేజీలో "మీకు నచ్చవచ్చు" అంటూ పరిచే వరస నుంచి దొరికినవాళ్లు చాలా తక్కువ.

ఎలా మొదలైందో చెప్తాను. అందరూ ఆకాశానికెత్తుతున్న ఒక లావుపాటి సైన్స్ ఫిక్షన్ నవల తీసుకున్నాను. నౌక ఇంజిన్ ఎలా పనిచేస్తుందో, ఇంధనం ఎంత మిగిలిందో పేజీలకు పేజీలు ఉంది. లోపలి మనుషులు మాత్రం ఒకరి డైలాగు ఇంకొకరికి ఇచ్చినా తేడా తెలియనట్టున్నారు. మూడో వంతు దగ్గర ఆపేసి, "యంత్రాలకు ప్రాణం ఉంది, మనుషులకు లేదు" అని ఆ పెట్టెలో కసిగా రాశాను. కింది లైను నొక్కితే నాలాగే అక్కడక్కడే ఆగినవాళ్లు కొందరు కనిపించారు. అందులో ఒకరి అరలో సైన్స్ ఫిక్షన్ దాదాపు లేదు. ధ్రువ యాత్రల డైరీలు, జలాంతర్గాముల్లో పనిచేసినవాళ్ల జ్ఞాపకాలు, జైలు ఉత్తరాలు, ఒకటి రెండు దెయ్యం నవలలు ఉన్నాయి. వీటికీ నేను వదిలేసిన నవలకూ సంబంధం ఏమిటో మొదట అర్థం కాలేదు. కాసేపటికి తట్టింది. అన్నీ ఇరుకు చోట, బయటికి పోయే దారి లేని చోట చిక్కుకున్న మనుషుల గురించే. ఆ అంతరిక్ష నవల మొదలుపెట్టినప్పుడు నాకు కావాల్సింది కూడా అదే. రాకెట్ల మీద నాకు ఏ ఆసక్తీ లేదు.

ఆ అర నుంచి మొదట తీసుకున్నది బెల్జికా అనే ఓడ యాత్ర మీద దాని డాక్టరు ఫ్రెడరిక్ కుక్ రాసినది. 1898లో ఆ ఓడ అంటార్కిటికా మంచులో ఇరుక్కుపోయి ఏడాదికి పైగా కదల్లేదు. రెండు నెలలకు పైగా సూర్యుడు కనిపించడు, సి విటమిన్ లోపంతో వచ్చే స్కర్వీ జబ్బు పట్టుకుంటుంది, కొందరికి మతి చలిస్తుంది. డాక్టరు మాత్రం అందరి చేతా పెంగ్విన్ మాంసం తినిపించి, రోజూ మంట ముందు నిలబెట్టి ప్రాణాలు నిలబెట్టే ప్రయత్నం చేస్తుంటాడు. అది చదివాక స్కర్వీ మీద ఆసక్తి పుట్టి వైద్య చరిత్రలోకి వెళ్లాను, అక్కడి నుంచి డాక్టర్లు రాసిన వ్యాసాల్లోకి. ఈ మూడూ ఒకే షెల్ఫులో పెట్టే దుకాణం గానీ గ్రంథాలయం గానీ ఎక్కడా ఉండదు.

సూచనలు తయారుచేసే పద్ధతి గురించి కొంచెం తెలిస్తే ఇదెందుకు పనిచేస్తుందో అర్థమవుతుంది. "ఇది చదివినవాళ్లు అది కూడా చదివారు" అన్న లెక్క పాతదే. 1994లో గ్రూప్‌లెన్స్ అనే పరిశోధన బృందం యూజ్‌నెట్ అనే పాత ఇంటర్నెట్ చర్చా వేదికలోని వార్తల కోసం చేసింది, తర్వాత అమెజాన్ దాన్ని వస్తువుకూ వస్తువుకూ ముడిపెట్టి భారీ ఎత్తున వాడింది. ఆ లెక్కలోకి వచ్చేది జనం కొన్నవీ చదివినవీ మెచ్చుకున్నవీ. ఆపేసినవాళ్లు అందులోకి రారు, స్టార్లు కూడా ఇవ్వరు. పుస్తకాల సైట్లలో చాలావాటి సగటు మూడున్నరకూ నాలుగున్నరకూ మధ్యే తిరగడానికి ఇదొక కారణం. నచ్చుతుందనుకున్నదే ఎంచుకుంటాం, నచ్చకపోతే పక్కన పడేసి నోరు మూసుకుంటాం, చివరిదాకా వెళ్లినవాళ్లు మార్కులేస్తారు.

2014లో జోర్డన్ ఎలెన్‌బర్గ్ అనే గణిత ప్రొఫెసర్ దీన్నే సరదాగా కొలిచాడు. అమెజాన్ ఈ-పుస్తకాల పరికరం కిండిల్‌లో ఒక పుస్తకంలో జనం ఎక్కువగా గీతలు గీసిన ఐదు వాక్యాలు ఏ పేజీల్లో ఉన్నాయో చూసి, ఆ పేజీల సగటును మొత్తం పేజీలతో భాగించాడు. గీతలన్నీ మొదట్లోనే ఆగిపోతే జనం కూడా అక్కడే ఆగిపోయారన్నమాట. దానికి హాకింగ్ ఇండెక్స్ అని పేరు కూడా పెట్టాడు. భౌతికశాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ రాసిన "ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్"ను చాలామంది కొని చదవకుండా వదిలేస్తారని ప్రతీతి మరి. అంతకు ముందే 2006లో సొంత పుస్తకాల జాబితా పెట్టుకునే లైబ్రరీథింగ్ సైటులో "అన్‌సజెస్టర్" అని ఒకటి పెట్టారు. ఒక పుస్తకం పేరిస్తే, అది ఉన్నవాళ్ల దగ్గర దాదాపుగా కనిపించని పుస్తకాలు చూపించేది. రెండూ నవ్వుకోవడానికి చేసినవే. నా యాప్ చేసిన తెలివైన పని, ఈ "వద్దు" అన్న సమాచారాన్ని జోకుగా వదిలేయకుండా దాంతో మనుషుల్ని కలపడం.

సియాటిల్ గ్రంథాలయంలో పనిచేసిన నాన్సీ పెర్ల్ ఒక మాట చెప్తుంది: పుస్తకంలోకి వెళ్లడానికి నాలుగు తలుపులుంటాయి, అవి కథ, పాత్రలు, స్థలకాలాలు, భాష. ఎవరు ఏ తలుపు నుంచి వస్తారన్నది ముఖ్యం గానీ పుస్తకం డిటెక్టివా, చరిత్రా అన్నది కాదు. ఆపేయడానికి యాభై పేజీల నియమం పెట్టింది కూడా ఆవిడే. యాభై పేజీలు చదవండి, నచ్చకపోతే వదిలేయండి, మీకు యాభై ఏళ్లు దాటితే వందలోంచి మీ వయసు తీసేసి అన్ని పేజీలే చదవండి అంటుంది. వయసు పెరిగేకొద్దీ ఓపికకు డిస్కౌంటు ఇచ్చే ఇలాంటి నియమం నాకింకెక్కడా కనబడలేదు.

రచయితల పేజీల విషయంలో మాత్రం ఈ యాప్ మీద నాకు మొదటి నుంచీ కోపమే. ఇయన్ బ్యాంక్స్ మామూలు నవలలకు ఒక పేరు, సైన్స్ ఫిక్షన్‌కు మధ్యలో "ఎం" చేర్చిన పేరు వాడాడు. అగాథా క్రిస్టీ మేరీ వెస్ట్‌మకాట్ పేరుతో ఆరు నవలలు రాసింది, వాటిలో హత్యల కేసులు ఉండవు. ఒకే రచయిత వెంట రెండు రకాల పుస్తకాల్లోకి వెళ్లగలిగే చక్కటి దారులివి. ఈ యాప్‌కు మాత్రం వీళ్లు వేర్వేరు మనుషులు. పోనీ విడగొట్టడమే దీని అలవాటా అంటే అదీ కాదు, ఇద్దరు విన్‌స్టన్ చర్చిల్‌లను ఒకే పేజీలో కలిపేసింది. అందులో ఒకాయన 1871లో పుట్టిన అమెరికన్ నవలాకారుడు. రెండోవాడు తర్వాత బ్రిటన్ ప్రధాని అయ్యాడు. వాళ్లిద్దరూ 1899లోనే ఉత్తరాలు రాసుకుని, ఇంగ్లండు చర్చిల్ తన పేరు మధ్యలో "స్పెన్సర్" (తర్వాత అది "ఎస్" అయింది) చేర్చుకునేలా ఒప్పందానికి వచ్చేశారు. ఆ కబురు యాప్‌కు ఇంకా అందలేదు.

తెలుగు రచయితల సంగతి ఇంకా ఘోరం. చివరి ముక్క ఇంటిపేరనుకుని దాంతో వరస పేరుస్తుంది. మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది కదా! ఇంగ్లిషు స్పెల్లింగు మారినప్పుడల్లా అదే రచయిత ఇంకోసారి పుడతాడు. రిపోర్టు చేస్తే కృతజ్ఞతలు చెప్తారు, అంతే.

ఇవన్నీ భరించాను. ఆ నాలుగో అర ఉంది కదా అనుకున్నాను. తర్వాత ఒక పెద్ద అప్‌డేట్ వచ్చి మొదటికే మోసం తెచ్చింది.

పొద్దున యాప్ తెరిస్తే ముఖచిత్రాలు పెద్దవయ్యాయి, అక్షరాలు చిన్నవయ్యాయి, నాలుగో అర లేదు. అందులోని పుస్తకాలన్నీ "చదివినవి"లోకి చేరిపోయాయి. అంటే ఇరవై పేజీలు చదివి విసిరేసినదీ, రెండుసార్లు చదివి దాచుకున్నదీ పక్కపక్కనే కూర్చున్నాయి. ఏడాది లక్ష్యం దాటేసినందుకు అభినందనలు కూడా వచ్చాయి. ఆ మెసేజ్ చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అసలు దెబ్బ సూచనల మీద పడింది. వదిలేసిన నవలలకు రెండో భాగాలు, మూడో భాగాలు వరసగా రావడం మొదలైంది. "మీరు ఇది చదివారు కాబట్టి" అని పైన ఒక శీర్షిక. ఏ గొంతు భరించలేక పుస్తకం మూసేశానో ఆ రచయిత మొత్తం రచనలు నా హోమ్ పేజీలో కొలువు తీరాయి. ఒక్కొక్కదాన్నీ "ఆసక్తి లేదు" అని కొట్టేస్తే, దాని స్థానంలో అదే తరహాది ఇంకోటి. కారణాల పెట్టెలో ఏళ్లుగా రాసుకున్న వాక్యాలు ఎక్కడికి పోయాయో తెలియదు. సపోర్టుకు రాస్తే "మీ అనుభవాన్ని మరింత సులభతరం చేయడానికి అరలను తగ్గించాం" అని జవాబు వచ్చింది. రెండోసారి రాస్తే కూడా కామాతో సహా అదే వాక్యం.

నా అరలన్నిటినీ యాప్ నుంచి దించుకున్న పాత ఎక్స్‌పోర్టు ఫైలు నా దగ్గర ఉండబట్టి బతికిపోయాను. ఇలాంటి యాప్ ఏది వాడినా అప్పుడప్పుడూ ఆ సీఎస్‌వీ (పట్టికలా తెరుచుకునే టెక్స్ట్) ఫైలు దించుకుంటూ ఉండండి. ఒక జాగ్రత్త: దాన్ని ఎక్సెల్‌లో నేరుగా రెండు క్లిక్కులతో తెరిస్తే తెలుగు పేర్లన్నీ పిచ్చి గీతలుగా కనిపించవచ్చు. ఫైలు పాడవలేదు, కంగారు పడొద్దు. డేటా మెనూలోంచి టెక్స్ట్ ఫైలుగా దిగుమతి చేసి, అక్షరాల ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిగ్గా వస్తాయి. ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) గడిని కూడా అప్పుడే టెక్స్టుగా మార్చండి. లేకపోతే పదమూడు అంకెల నంబరు 9.78E+12గా మారి కూర్చుంటుంది, పాత పది అంకెల వాటిలో ముందున్న సున్నా ఎగిరిపోతుంది.

చాలామంది గొడవ చేసినట్టున్నారు, కొన్నాళ్లకు నాలుగో అర తిరిగి వచ్చింది. పూర్తిగా కాదు. రెడీమేడ్ కారణాలు తగ్గాయి. సొంత మాట రాసుకునే పెట్టె ఉంది గానీ అది ఇప్పుడు మనకు మాత్రమే కనిపిస్తుంది. "ఇక్కడే ఆపేసినవాళ్లు" అన్న లైను పుస్తకం పేజీలోంచి మాయమై, సెట్టింగుల దగ్గరున్న ఏదో మెనూలోకి వెళ్లింది. వెతికేవాళ్లకు దొరుకుతుంది. కొత్తగా చేరినవాళ్లకు అదొకటుందని కూడా తెలియదు. పాత వాక్యాలు రాలేదు, నా ఫైలులోంచి నేనే కాపీ చేసుకున్నాను.

ఇన్నాళ్ల తర్వాత చల్లగా ఆలోచిస్తే, అప్‌డేట్‌కు ముందు కూడా ఆ అర నేను మెచ్చుకున్నంత గొప్పగా ఏమీ పనిచేయలేదు. వేలమంది చదివే పుస్తకం అయితేనే, నాలాగే అదే చోట ఆగినవాళ్లు దొరుకుతారు. తక్కువమంది చదివే పుస్తకానికి ఆ లైను ఖాళీగానే ఉండేది. తెలుగు పుస్తకాలకైతే ఒక్కసారి కూడా ఎవరూ తగల్లేదు. చాలామంది కారణం దగ్గర "ప్రస్తుతం మూడ్ లేదు" అని నొక్కి వెళ్లిపోతారు, దాని నుంచి ఏమీ తెలియదు. రచయిత మీద కోపంతో పుస్తకం తెరవకుండానే "ఒక శాతం దగ్గర ఆపేశాను" అని గుంపులుగా పెట్టేవాళ్లూ ఉన్నారు. సొంత మాట పెట్టెను అందరికీ కనబడకుండా చేయడానికి అసలు కారణం అదే కావచ్చు. నేను పైన చెప్పిన ధ్రువ యాత్రల అర లాంటిది తగలడంలో సగం అదృష్టమే ఉంది. అలాంటివి ఇంకొన్ని తగిలాయి గానీ, ఏ రచయితా దొరకని అరలే ఎక్కువ.

ఇంకో మాట, నా పరిస్థితి వేరు. నేను ఎక్కువగా గ్రంథాలయం నుంచి తెచ్చుకుంటాను కాబట్టి మధ్యలో వదిలేస్తే పోయేదేమీ లేదు. ఒకేసారి నాలుగైదు తెరిచి పెట్టుకునే అలవాటు, అందులో సగం పూర్తి కావు. డబ్బు పెట్టి కొన్న పుస్తకాన్ని ఎలాగైనా ముగించేవాళ్లకు ఈ అర ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది, వాళ్లకు ఈ యాప్ దండగ. ఒకే రకం పుస్తకాలు, వరసగా వచ్చే డిటెక్టివ్ సిరీస్‌ల లాంటివి ఇష్టంగా చదివేవాళ్లకు మామూలు "మీకు నచ్చవచ్చు" వరసే బాగా పనిచేస్తుంది. ఆ పని ఈ యాప్ కన్నా బాగా చేసేవి ఉన్నాయి. వదిలేసినవి గుర్తు పెట్టుకోవడం మాత్రమే కావాలంటే స్టోరీగ్రాఫ్ అనే ఇంకో పుస్తకాల యాప్‌లో కూడా అందుకు ఏర్పాటుంది, అది చూసుకోండి.

నేనైతే చందా పొడిగించాను. ఇంతకు ముందు ఏడాదికి కట్టేవాణ్ని, ఇప్పుడు నెలకే కడుతున్నాను, ప్రతి నెలా చివర్లో ఫైలు దించుకుంటున్నాను.