ఆర్నెల్లకోసారి తీసే ట్రాక్ సాకు బ్యాటరీ దండగ

హన్మకొండలోనో కాజీపేటలోనో సొంతిల్లు ఉన్నవాళ్ళకు ట్రాక్ సాతో, అంటే ట్రాక్ అనే అల్యూమినియం పట్టీ మీద జారుతూ తిన్నగా కోసే మోటారు రంపంతో, ఏడాదికి ఎంత పని పడుతుంది? వానాకాలంలో ఉబ్బి గచ్చుకు రాసుకునే తలుపు ఒకటి, వంటింటి అల్మారీకి రెండు షట్టర్లు, పిల్లల చదువు బల్లకు ఒక ప్లైవుడ్ షీటు. అన్నీ కలిపినా ముప్పై కోతలు కావు. ఆ మాత్రం దానికి వైరుదే కొనాలి. బ్యాటరీది తీసుకోదగ్గ సందర్భాలు లేకపోలేదు, అవి చివర్లో చూద్దాం.

పోల్చి చూడ్డానికి మకితా కంపెనీ మిషన్ల జంట అనువుగా ఉంటుంది. వైరుతో నడిచేది ఎస్‌పీ 6000, 1300 వాట్లు. రెండు 18 వోల్టుల బ్యాటరీలు పెట్టి నడిపేది డీఎస్‌పీ 600. బ్లేడు రెండింటికీ 165 మి.మీ.దే, మధ్య రంధ్రం 20 మి.మీ. నిటారుగా 56 మి.మీ., 45 డిగ్రీల వాలులో 40 మి.మీ. లోతు రెండూ కోస్తాయి. ట్రాకులూ అవే. 18 మి.మీ. ప్లై, 32 మి.మీ. ఫ్లష్ డోరు, 38 మి.మీ. టేకు తలుపు ఏదైనా ఒకే దెబ్బకు తెగుతుంది. బ్యాటరీది కాస్త బరువెక్కువ, కానీ ట్రాక్ మీద జారే మిషన్‌కు అరకిలో తేడా పట్టింపు కాదు. కోత నున్నగా రావడం బ్లేడును బట్టి, ట్రాక్ అంచు రబ్బరును బట్టి ఉంటుంది. కరెంటు గోడలోంచి వచ్చిందా బ్యాటరీలోంచి వచ్చిందా అన్నది చెక్కకు తెలియదు.

‘వైరు గోల ఉండదు’ అన్నదే బ్యాటరీ మిషన్ అమ్మేవాళ్ళ మొదటి మాట. నిజమే, కానీ ఇంట్లో కోస్తే దుమ్ము లాగే వ్యాక్యూమ్ తగిలించక తప్పదు. ప్లైలోని జిగురు, సన్‌మైకా పొడి కలిసిన ఆ సన్న దుమ్ము సజ్జ మీది గిన్నెల దాకా పోతుంది. వ్యాక్యూమ్‌కు గొట్టమూ ఉంటుంది, వైరూ ఉంటుంది. గొట్టం వెనకాల వైరు ఒకటున్నా రెండున్నా ఒకటే. డాబా మీద దుమ్ము సంచీతో కోసుకునేవాళ్ళకు మాత్రమే ఆ సుఖం పూర్తిగా దక్కుతుంది.

వైరుతో వచ్చే అసలు ఇబ్బంది వేరే ఉంది. ఎనిమిది ఫీట్ల షీటు నిలువునా కోస్తుంటే వైరో గొట్టమో వచ్చి ట్రాక్ వెనక కొసకు తగులుకుంటుంది. చెయ్యి ముందుకు తోస్తుంటుంది, మిషన్ ఆగిపోతుంది, బ్లేడు అక్కడే తిరుగుతుంది. రెండు సెకన్లు చాలు, ప్లై అంచున నల్లటి కాలిన గీత పడుతుంది. లాగి విడిపించబోతే ట్రాకే పక్కకు జరుగుతుంది. విరుగుడు సులువే: వైరును గొట్టానికి ఫీటుకొక చోట టేపుతో చుట్టి, రెండూ కలిపి భుజం మీదుగా వేసుకోవాలి. మిషన్‌ను ఆన్ చేయకముందే ట్రాక్ మీద ఈ కొస నుంచి ఆ కొసకు ఒకసారి ఉత్తగా జరిపి చూడాలి.

ఇక సాకెట్ సంగతి. 1300 వాట్లంటే 230 వోల్టుల మీద సుమారు 5.6 ఆంపియర్లు. పోర్టికోలోని 6 ఆంపియర్ల సాకెట్‌కు అది గీత మీద నడక. అదే బోర్డులో వ్యాక్యూమ్ కూడా పెడితే గీత దాటినట్టే. సా పిన్నును వాషింగ్ మిషన్‌కో గీజర్‌కో వేసిన 16 ఆంపియర్ల పాయింటు నుంచి తీసుకుని, వ్యాక్యూమ్‌కు వేరే సాకెట్ వాడాలి. ఎక్స్‌టెన్షన్ పెట్టెలో వైరు 1.5 చదరపు మి.మీ. రాగిది ఉండాలి. చవక పెట్టెల్లో వచ్చే 0.75 వైరు 30 మీటర్లుంటే దాదాపు 9 వోల్టులు దారిలోనే పోతాయి, దానికి తోడు 50 వాట్ల దాకా వేడి పుడుతుంది. చుట్ట విప్పకుండా వాడితే ఆ వేడంతా లోపలే ఉండి తొడుగు మెత్తబడుతుంది. దగ్గరి పనికైనా సరే, చుట్ట మొత్తం విప్పాలి. ఇంటి ఇన్వర్టర్ మీద ఈ మిషన్ నడపాలని చూడకండి.

బ్యాటరీ చాలదేమోనన్న భయం మాత్రం అక్కర్లేదు. 5 ఆంపియర్-అవర్ బ్యాటరీలు రెండు కలిపితే 180 వాట్-అవర్లు. 18 మి.మీ. ప్లైలో ఎనిమిది ఫీట్ల కోతకు సగటున 700 వాట్ల చొప్పున 40 సెకన్లు పడుతుందనుకున్నా ఎనిమిది వాట్-అవర్లు కాదు. ఇరవై కోతలు లెక్కకు వస్తాయి, మొద్దుబారిన బ్లేడుతో తగ్గుతాయి. చిక్కంతా పని లేని నెలల్లోనే. లిథియం బ్యాటరీ వాడినా వాడకున్నా వయసు మీద పడుతుంది, నిండా ఛార్జి చేసి వేడిలో పెడితే ఇంకా తొందరగా. మకితా తన బ్యాటరీలను 10 నుంచి 40 డిగ్రీల మధ్యే ఛార్జి చేయమంటుంది. మే నెలలో వరంగల్, రామగుండం మధ్యాహ్నాలు ఆ 40ని ఎక్కడో వెనక వదిలేస్తాయి. రేకుల షెడ్డులో పెట్టిన బ్యాటరీని తెచ్చి ఛార్జర్‌లో పెడితే అది చల్లారే దాకా ఛార్జి మొదలే కాదు. వేసవిలో పొద్దున్నే ఛార్జి పెట్టాలి, సగం ఛార్జితో ఇంట్లో చల్లటి అల్మారిలో దాచాలి, ఆర్నెల్లు వాడకుంటే ఒకసారి తీసి ఛార్జి చేయాలి. ఇంత సేవ డ్రిల్లుకైతే చేయవచ్చు, రోజూ పనికొస్తుంది కాబట్టి. వైరు మిషన్‌ను గుడ్డ చుట్టి మూడేళ్ళు మరిచిపోయినా పిన్ను పెట్టగానే లేస్తుంది. అరిగేవి మోటారులోని కార్బన్ బ్రష్‌లు, ఇంటి వాడకంలో అవీ ఏళ్ళు వస్తాయి.

ధర అడిగేటప్పుడు ఒక మెలిక గమనించండి. బ్యాటరీ మిషన్‌ది చాలాసార్లు ఉత్త బాడీ ధరే చెబుతారు. బ్యాటరీలు రెండు, ఛార్జరు, ట్రాకు విడిగా కలుపుకుని చూడాలి. ఇంట్లో బ్యాటరీలున్నాయి కదా అనుకుంటే పేరు ఒకటే చాలదు. మకితా 18 వోల్టులది దాని 40 వోల్టుల మిషన్‌కు పట్టదు. బాష్ కంపెనీ పచ్చ రంగు 18 వోల్టుల బ్యాటరీ అదే కంపెనీ నీలం రంగు మిషన్‌లో కూర్చోదు.

ఏది కొన్నా మొదటి రోజు పని ట్రాక్ అంచు రబ్బరు కోయడం. కొత్త రబ్బరు కావాలనే కొంచెం బయటికి ఉంటుంది. ముందు మిషన్ అడుగున ఉన్న రెండు నాబ్‌లు తిప్పి ట్రాక్ మీద అటూఇటూ ఊగకుండా, తోస్తే జారేలా బిగించాలి. తర్వాత పనికిరాని ప్లై ముక్క మీద ట్రాక్ పెట్టి కొస నుంచి కొసకు ఒక్కసారి నడపాలి. ఈ వరస తలకిందులైతే రబ్బరు దండగ, ఎందుకంటే నాబ్‌లు తర్వాత బిగిస్తే బ్లేడు దారి మారుతుంది. ఆ రబ్బరు అంచే ఇకమీదట కోత గీత. గీతకు దాన్ని ఆనించి కోస్తే 2 మి.మీ. పైచిలుకు బ్లేడు మందం అవతలి ముక్కలోంచి పోతుంది. కావలసిన ముక్క ఎప్పుడూ ట్రాక్ కిందే ఉండాలి.

1400 మి.మీ. ట్రాక్ ఒక్కటుంటే 1220 మి.మీ. అడ్డకోతకు సరిపోతుంది. 2440 మి.మీ. నిలువు కోతకు రెండు కలపాలి. కలిపేటప్పుడు కొసలు రెండూ ఒరుసుకోనివ్వకండి, అవి కచ్చితమైన మూలమట్టంలో ఉండవు కాబట్టి ఒత్తితే వంకర వస్తుంది. ఒక మిల్లీమీటరు సందు వదిలి, పొడవాటి అల్యూమినియం పట్టీ ఆనించి బిగించాలి. షీటు కింద రెండంగుళాల థర్మోకోల్ పరిస్తే తెగిన ముక్క కుంగదు. రెండే స్టూళ్ళ మీద షీటు పెడితే మధ్యలో కుంగి బ్లేడును పట్టేస్తుంది, మిషన్ వెనక్కి తంతుంది. మకితా రెండింటికీ బ్లేడు వెనక చీలిక తెరిచి పట్టే రేకు లేదు కాబట్టి ఈ జాగ్రత్త రెట్టింపు. బ్లేడు ప్లై కిందికి నాలుగైదు మిల్లీమీటర్లు దిగితే చాలు. లోతు పెట్టేటప్పుడు ట్రాక్ మందం కలుపుకోవడం మరవద్దు.

సన్‌మైకా అతికించిన షట్టరుకు 48 పళ్ళ బ్లేడు వాడాలి. ముందు పళ్ళు కింది నుంచి పైకి లేస్తాయి కనుక చిట్లేది పై ముఖమే. ట్రాక్ వైపు రబ్బరు కాపాడుతుంది, అవతలి ముక్కకు ఏ అండా లేదు. అదీ కావాలంటే 2–3 మి.మీ. లోతుకు ఆపే బటన్ నొక్కి ఒక గీత కోసి, తర్వాత పూర్తి లోతుకు నడపాలి.

ఉబ్బిన తలుపుకు తొందర పనికిరాదు. ఆగస్టులో గచ్చుకు తగిలినంత మేరా కోసేస్తే ఏప్రిల్‌కు తలుపు ఎండి కింద బల్లి దూరేంత సందు మిగులుతుంది. ముందు బందులు బిగించి చూడండి. అయినా రాసుకుంటే రెండు మిల్లీమీటర్లు తీసి, కోసిన అంచుకు ఆ రోజే వార్నిష్ వేయాలి. తడి ఎక్కేది ఆ పచ్చి అంచులోంచే.

బ్యాటరీది ఎవరికి? అదే రకం 18 వోల్టుల 5 ఆంపియర్-అవర్ బ్యాటరీలు రెండు ఇప్పటికే రోజూ వాడుతున్నవాళ్ళకు. ఇంకా మీటరు రాని కొత్తింట్లోనో పొలం దగ్గరో పని ఉన్నవాళ్ళకు. ఒకే ఒక్క అల్మారి చేయించి ఆపేసేవాళ్ళయితే రెండూ వద్దు, కొలతలు రాసిచ్చి మిషన్ ఉన్న వడ్లాయనతోనే కోయించుకోవడం మేలు.

దుకాణంలో మిషన్ కన్నా ట్రాక్‌నే ఎక్కువసేపు చూడండి. రవాణాలో వంగేది అదే. ప్లై షీటు మీద పెట్టి, రబ్బరు లేని అల్యూమినియం అంచు వెంట సన్న పెన్సిల్‌తో గీత గీయించండి. ట్రాక్‌ను కొసలు మార్చి, అదే అంచును గీతకు అవతలి వైపు నుంచి ఆనించి మళ్ళీ గీయించండి. రెండు గీతలూ ఒకటైతే సరే. మధ్యలో సందు కనబడితే ఇంకో ట్రాక్ తీయమనండి.